చెట్లు మిగిలిన తీరం



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని మన కార్యదర్శిగారు కబురు చేశారు. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. కనుక నేను స్వయంగా చూసి వచ్చిన ఒక చోటును గురించి, దాని చరిత్రను గురించి నాలుగు మాటలు రాయదలచాను. చివరకు అది నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవడానికి కూడా దారి తీసింది. దానికి క్షమించాలి.

2019 నవంబరులో నేను, మా శ్రీమతి జపాన్ దేశంలోని ఒసాకా నగరానికి వెళ్ళాము. మా అబ్బాయి ఉద్యోగరీత్యా అక్కడ ఉండేవాడు. అందరూ చూసే కోటలు, ఆలయాలు మేమూ చూశాము. వాటి ఫోటోలు మీరంతా చూసే ఉంటారు. అందుకని వాటిని వదిలి, విదేశాల నుంచి వచ్చినవారు పనిగట్టుకుని వెళ్ళని ఒక ఉద్యానవనం గురించి చెబుతాను. దాని పేరు హమాదెరా.

జపాను భాషలో హమా అంటే సముద్రపు ఒడ్డు, తెరా అంటే బౌద్ధాలయం. పూర్వం ఇక్కడ ఒడ్డున ఒక ఆలయం ఉండేది కాబట్టి ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. రెండు మాటలు కలిసేటప్పుడు తకారం దకారంగా మారింది. మనకు తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టే. చిన్నప్పుడు బడిలో గసడదవాదేశం వల్లెవేసిన మనకు ఇందులో వింత కనిపించదు.

ఒసాకా నుంచి దక్షిణంగా పాతకాలపు ట్రాము బండి ఒకటి నడుస్తుంది. ఒకే పెట్టె. ఇళ్ళ మధ్యగా, పెరళ్ళను ఒరుసుకుంటూ మెల్లగా పోతుంది. మధ్యలో ఒకచోట బండి మారి, సకాయి పట్టణం దాటి, చివరి స్టాపులో దిగాము. ఈ ట్రాము దారి 1912 నుంచీ హమాదెరా దాకా ఉంది. పని రోజు కావడం చేత మాతోపాటు దిగినవారు ఇద్దరు ముగ్గురే.

లోపలికి వెళ్ళగానే ఎటు చూసినా పైన్ చెట్లే. మన నిఘంటువుల్లో సరళ వృక్షమని పేరు గాని, ఇవి సరళంగా లేవు. సముద్రపు గాలికి వంగి, మెలి తిరిగి, కొన్ని దాదాపు నేలమీద వాలి ఉన్నాయి. జపనీయులు వీటిని కురోమాత్సు అంటారు, అంటే నల్ల పైన్. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. వాలిన కొమ్మలకు కర్ర ఊతలు పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో చేతికర్ర పట్టుకుని తిరిగే నాకు ఆ చెట్లను చూస్తే మన సంఘం సర్వసభ్య సమావేశమే గుర్తుకు వచ్చింది. ఇలాంటి చెట్లు అక్కడ ఐదు వేలకు పైగా ఉన్నాయట. ఉద్యానం విస్తీర్ణం సుమారు 75 హెక్టార్లు, అంటే మన లెక్కలో 185 ఎకరాలు.

ఎనిమిదేళ్ళ మా మనవడు ఆ చివరి నుంచి ఈ చివరకు పరుగెత్తి వచ్చి, "తాతయ్యా, సముద్రం పార్కు అన్నావు, సముద్రం ఏదీ?" అని అడిగాడు. నేనూ అదే వెతుకుతున్నాను. చెట్ల వరుస దాటితే ఒక కాలువ, కాలువకు అవతల గొట్టాలు, చమురు ట్యాంకులు, కర్మాగారాలు. కెరటం లేదు, ఇసుక లేదు. వాడి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నూట యాభై ఏళ్ళ కథ చెప్పాలి.

పదహారవ నంబరు ఉత్తర్వు

జపాన్‌లో షోగున్ల పాలన ముగిసి, 1868లో చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం ఏర్పడింది. 1873 జనవరి 15వ తేదీన ఆ ప్రభుత్వం ఒక ఉత్తర్వు జారీ చేసింది. అత్యున్నత రాజ్యమండలి పేరిట వెలువడిన పదహారవ నంబరు ఉత్తర్వు అది. పూర్వం నుంచీ జనం వచ్చి సేదదీరుతున్న అందమైన చోట్లను, చారిత్రక స్థలాలను ఎంపిక చేసి, వాటికి పన్ను మినహాయించి, ప్రజలందరి ఉద్యానాలుగా ప్రకటించదలచామనీ, అలాంటి స్థలాలను గుర్తించి, పరిస్థితి వివరంగా విచారించి, పటము జతపరచి ఆర్థిక శాఖకు నివేదించవలసిందనీ దాని సారాంశం. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు మోసిన నాకు ఈ భాష ఎంత దగ్గరగా అనిపించిందో మీకు వేరే చెప్పనక్కర లేదు. దేశం ఏదైనా ఉత్తర్వు ఉత్తర్వే, జతపరచవలసిన స్కెచ్చి స్కెచ్చే.

టోక్యోలోని ఉయెనో, షిబా వంటి ఉద్యానాలు ఈ ఉత్తర్వు కింద వచ్చినవే. హమాదెరా కూడా అదే సంవత్సరం డిసెంబరులో ఉద్యానమైంది. జపాన్‌లోని అతి పాత ప్రభుత్వోద్యానాలలో ఇది ఒకటి. కాని ఆ ఏడాది మధ్యలో ఈ చెట్లు దాదాపు గొడ్డలి పాలయ్యాయి.

జీతభత్యాలు పోయిన సమురాయిలు

చెట్లను ఎవరు నరికించారు, ఎందుకు నరికించారు అన్నది మన సభ్యులు శ్రద్ధగా వినవలసిన సంగతి. పాత రాజ్యంలో సమురాయిలకు తరతరాలుగా బియ్యం రూపంలో భృతి ముట్టేది. మన లెక్కలో వంశపారంపర్య పెన్షన్ అనుకోండి. 1871లో సామంత సంస్థానాలు రద్దయ్యాక ఆ భారమంతా కేంద్ర ఖజానా మీద పడింది. ప్రభుత్వం 1873లో ఆ భృతి మీద పన్ను వేసింది. ఆ ఏడాది చివర, ఇష్టమైనవారు ఏకమొత్తం తీసుకుని భృతి వదులుకోవచ్చునంది. 1876లో ఇష్టాయిష్టాలతో పని లేకుండా అందరి భృతినీ బాండ్లుగా మార్చేసింది. మన కమ్యుటేషన్ వంటిదే. తేడా ఏమంటే, మనకు పదిహేనేళ్ళు గడిచాక పూర్తి పెన్షన్ తిరిగి వస్తుంది. వారికి అది మళ్ళీ రాలేదు.

ఆధారం పోతున్న ఆ కుటుంబాలకు ఏదో ఒక బతుకుతెరువు చూపాలి. అందుకోసం ప్రభుత్వ భూములు, అడవులు ఇచ్చే పథకాలు వచ్చాయి. హమాదెరా తీరంలోని పైన్ చెట్లను నరకడం మొదలైంది ఆ పేరు మీదే. అంటే గొడ్డలి పట్టినవారు దుర్మార్గులు కారు. ఫైలులో కారణం న్యాయమైనదే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఆ సంవత్సరమే ఓకుబో తొషిమిచి అనే పెద్ద నాయకుడు ఈ తీరానికి వచ్చాడు. సత్సుమా సంస్థానంలో 1830లో పుట్టినవాడు. కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టిన ముగ్గురు ప్రముఖుల్లో ఒకడు. ఆర్థిక శాఖ అధిపతి. అమెరికా, ఐరోపా దేశాలు తిరిగి 1873 మే నెలలో స్వదేశం చేరాడు. తిరిగి వచ్చాక హమాదెరా చూస్తే చెట్లు కూలుతున్నాయి. ఈ తీరం పాత కవిత్వంలో పేరుపొందినది. జపాన్ ఇళ్ళలో నేటికీ పిల్లలు కార్డు ఆటగా నేర్చుకునే నూరుగురు కవుల సంకలనంలో ఈ తీరపు కెరటాల మీద ఒక కవయిత్రి చెప్పిన పద్యం ఉంది. ఓకుబో ఆ పాత పద్యాన్ని స్ఫురింపజేస్తూ, చెట్ల గతికి చింతిస్తూ ఒక చిన్న పద్యం చెప్పాడు. అది అధికారుల చెవిన పడి నరుకుడు ఆగిందనీ, ఆ తరువాతే ఉద్యానంగా ప్రకటించారనీ చెబుతారు. ఆ పద్యం చెక్కిన రాయి ఉద్యానంలో నేటికీ ఉంది. పైన్ చెట్ల కోసం విచారించిన శిల అని దాని పేరుకు అర్థం.

గుమాస్తాగా నాకు ఇందులో ఒక సంగతి కనిపించింది. ఒట్టి పద్యానికి గొడ్డలి ఆగదు. జనవరిలో వచ్చిన ఉత్తర్వు ఒకటి అప్పటికే దస్త్రంలో ఉంది. పటాలు జతపరచి నివేదించవలసింది ఏ శాఖకో, ఆ శాఖ పెద్దే వచ్చి బాధపడ్డాడు. అలాగని ఉత్తర్వు ఒక్కటే ఉన్నా చాలదు. అది ఉండగానే కదా చెట్లు కూలుతున్నది. కాగితం ఉండాలి, దాన్ని గుర్తుచేసే మనిషి కూడా వేళకు రావాలి.

ఆ నవంబరులోనే ఓకుబో కొత్తగా ఏర్పడిన హోం శాఖకు మొదటి మంత్రి అయ్యాడు. 1878 మే 14న టోక్యోలో బగ్గీలో వెళుతుండగా ఆయనను నరికి చంపారు. చంపినవారు ప్రభుత్వం మీద కోపంతో రగులుతున్న మాజీ సమురాయిలే.

తీరానికి వచ్చినవారు

1897లో ఇక్కడికి రైలు వచ్చింది. 1907లో కట్టిన చెక్క స్టేషను భవనం నేటికీ చెక్కుచెదరలేదు. టోక్యో నగరపు ప్రసిద్ధ రైల్వే స్టేషను నిర్మించిన తత్సునో కింగో అనే వాస్తుశిల్పి పేరు మీదే ఇదీ ఉంది. పట్టాలను ఎత్తుగా వంతెన మీదికి మార్చే పని రావడంతో 2016 జనవరిలో ఆ భవనాన్ని రైళ్ళ పని నుంచి విరమింపజేశారు. అయినా కూల్చలేదు. 2017లో భవనాన్ని భవనంగానే పక్కకు జరిపి నిలబెట్టారు. పదవీ విరమణ చేసినవారికి కుర్చీ వేసి కూర్చోబెట్టడమంటే ఇదేనని మా శ్రీమతితో అన్నాను.

1906లో ఒక దినపత్రిక ఇక్కడి సముద్రంలో పిల్లలకు ఈత బడి పెట్టింది. వేసవిలో ఒసాకా జనమంతా ఇక్కడికే వచ్చేవారు. సకాయిలో పుట్టిన కవయిత్రి యోసానో అకికో 1900లో, తరువాత తన భర్త కాబోయే కవి తెక్కన్‌ను కలుసుకున్న రోజుల్లో హమాదెరా కవి సమావేశానికి వచ్చింది. 1904లో రష్యాతో యుద్ధం రాగా, సైన్యంలో ఉన్న తమ్ముణ్ణి ప్రాణం పోగొట్టుకోవద్దని వేడుకుంటూ పద్యం రాసి మాటలు పడింది కూడా ఈమే. మరుసటి ఏడు ఈ తీరానికి ఆనుకునే రష్యా యుద్ధఖైదీల శిబిరం వెలిసింది. ఒక దశలో 28 వేల మంది దాకా ఉండేవారు. ఇల్లు చేరకుండా ఇక్కడే కన్నుమూసిన 89 మంది సమాధులు దగ్గరలోని ఇజుమియోత్సు ఊరిలో ఉన్నాయి.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిన తరువాత అమెరికా సైన్యం ఉద్యానాన్ని స్వాధీనం చేసుకుని తమ కుటుంబాలకు ఇళ్ళు కట్టుకుంది. అప్పుడూ కొన్ని చెట్లు పోయాయి. 1958లో తిరిగి అప్పగించారు. చెట్ల కష్టాలు గట్టెక్కాయని అందరూ అనుకునే వేళకు సముద్రానికి కష్టం వచ్చింది.

సముద్రం పోయిన కథ

1960లలో ఒసాకా తీరం పొడవునా సముద్రాన్ని మట్టితో పూడ్చి పారిశ్రామికవాడ కట్టారు. ఉక్కు, చమురు శుద్ధి, రసాయనాలు. యుద్ధంలో బూడిదైన దేశం మళ్ళీ లేవాలి, లక్షల మందికి పని దొరకాలి. ఈసారీ ఫైలులో కారణం న్యాయమైనదే. హమాదెరా ముందు ఉన్న సముద్రం పూడిపోయి ఒక కాలువ మాత్రం మిగిలింది. అందులో ఇప్పుడు కుర్రవాళ్ళు పడవ పందాలకు సాధన చేస్తారు. ఈత బడి పిల్లలు సముద్రం నుంచి సిమెంటు కొలనులోకి మారారు.

కాలువ గట్టున బెంచీ మీద నా ఈడువాడే ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. మా కోడలికి ఆ భాష వచ్చు. పలకరిస్తే, తాను బడిపిల్లవాడిగా ఉన్నప్పుడు ఇక్కడే సముద్రంలో ఈత నేర్చుకున్నానని చెప్పాడు. లేచి వచ్చి, అలలు ఎక్కడిదాకా వచ్చేవో కాలు జాపి నేల మీద గీసి చూపించాడు. ఆ గీత మా మనవడి చెప్పుల ముందే పడింది. ఆ తరువాత తాను ఉద్యోగం చేసింది ఆ ఎదురుగా కనిపించే కర్మాగారాల్లో ఒకదానిలోనేనని కూడా చెప్పాడు. పిల్లల చదువులు, ఇల్లు, అన్నీ ఆ జీతం మీదే. ఫిర్యాదు చేసినట్టు చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పి, టోపీ తీసి నమస్కరించి వెళ్ళిపోయాడు.

సముద్రపు చెట్లు ఎందుకు

ఈ పైన్ చెట్లు అందం కోసం మాత్రమే నాటినవి కావు. జపాన్ తీరాల వెంట శతాబ్దాలుగా వీటిని ఇసుకను, ఉప్పుగాలిని ఆపడానికి పెంచారు. ఉత్తరాన రికుజెన్‌తకతా అనే ఊళ్ళో 1667 నుంచి పెంచుతూ వచ్చిన డెబ్బై వేల పైన్ చెట్లు 2011 మార్చి 11 నాటి సునామీలో ఒక్క గంటలో కొట్టుకుపోగా ఒకే ఒక్క చెట్టు నిలిచింది. ఉప్పునీటికి వేళ్ళు కుళ్ళి 2012లో అదీ చచ్చిపోయింది. ఊరివారు దాన్ని కోసి, మానును భద్రపరచి, స్మారకంగా తిరిగి నిలబెట్టుకున్నారు. ఆ తీరంలో మళ్ళీ వేల సంఖ్యలో మొక్కలు నాటారు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత సహాయ విధుల్లో తిరిగిన మన మిత్రులకు ఇది వివరించనక్కర లేదు. ఆ తరువాతే కదా మన తీరం వెంట సరుగుడు తోటల కట్టు విరివిగా పెంచారు.

ఇక పైన్ చెట్లకు మరో శత్రువు కంటికి కనిపించని నులిపురుగు. ఉత్తర అమెరికా నుంచి వచ్చినది. ఒక జాతి పెంకుపురుగు శ్వాసనాళాల్లో చేరి చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. నీరు పైకి ఎక్కనీయక ఒక్క వేసవిలో పెద్ద చెట్టును ఎండబెడుతుంది. చెట్లు ఎందుకు చస్తున్నాయో అంతుచిక్కక దశాబ్దాలు గడిచాక, 1971లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని నిర్ధారించారు. ఇప్పుడు విలువైన చెట్ల మానుకు ముందుగానే మందు ఎక్కిస్తారు. అంటే 1873లో ఒక్కసారి కాపాడితే సరిపోలేదు. ఏటేటా ఎవరో ఒకరు కాపాడుతూనే ఉండాలి.

నా ఫైలు సంగతి

ఇప్పుడు నా సంగతి. 1981లో నేను ఒక తాలూకా కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నాను. ఊరి పేరు, కార్యాలయం పేరు వద్దు. ఆవరణలో ఆరు చింతచెట్లు ఉండేవి. నాకంటే ముందు పనిచేసిన పెద్దలు కూడా అవి ఎప్పటివో చెప్పలేకపోయేవారు. కక్షిదారులు వాటి కిందే సద్దిమూటలు విప్పేవారు. స్టాంపు వెండరు, అర్జీలు రాసే ఆయన, జోడాలు కుట్టే తాత, అందరి వ్యాపారం ఆ నీడలోనే.

రికార్డు గది కట్టాలన్నారు. పాత దస్త్రాలు వర్షానికి తడిసి చెదలు పడుతున్న మాట నిజం. కారణం న్యాయమైనదే. అయితే వెనుక వైపు ఖాళీ స్థలం ఉంది. అక్కడ కట్టాలంటే పల్లం మెరక చేయాలి, అంచనా పెరుగుతుంది, ఫైలు మళ్ళీ పైకి వెళ్ళాలి. చెట్లు తీసేస్తే తేలిక. నోటు పెట్టవలసినవాణ్ణి నేను. "సదరు చెట్లు మిక్కిలి పాతబడి, కూలు స్థితిలో ఉండి, ప్రజలకు ప్రమాదకరముగా ఉన్నవి" అని రాశాను. ఎవరూ అలా రాయమని నన్ను బలవంతపెట్టలేదు. అలా రాస్తే పని త్వరగా అవుతుందని నాకే తెలుసు. సంతకాలు ఒక్క వారంలో అయ్యాయి. వేలం జరిగింది. నరికిన రోజున మొదళ్ళు చూశాను. ఒక్కదానిలోనూ తొర్ర లేదు.

అర్జీలు రాసే ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, "ఏమండీ, మీరైనా ఒక్క ముక్క రాయలేకపోయారా?" అన్నాడు. నేనే రాశానని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

హమాదెరాలో ఆ శిల ముందు నిలబడ్డప్పుడు నాకు ఆయన గొంతు వినిపించింది. ఓకుబో అంతటి అధికారం మనకు ఎన్నడూ లేదు. కాని ఫైలు మొదట మన బల్ల మీదికే వచ్చేది. వెనుక స్థలం ఉన్నదని ఒక్క వాక్యం రాసి ఉంటే, పైవారు ఒప్పుకునేవారో లేదో నాకు తెలియదు. రాయకపోవడం మాత్రం నా వంతు.

మా మనవడికి ఆ రోజు సముద్రం చూపించలేకపోయాను. ఒకప్పుడు ఇక్కడ ఉండేదనీ, చెట్లు దాన్ని చూశాయనీ చెప్పాను. వాడు వెళ్ళి ఒక చెట్టును పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఫోటో మా ఇంట్లో గోడ మీద ఉంది.

మన సంఘ పత్రిక ఒక విధంగా మన చివరి రికార్డు. కనుక సభ్యులందరి సమక్షంలో ఒక సవరణ నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. 1981లో నేను పెట్టిన నోటులోని ఆ వాక్యం నిజం కాదు. ఆ ఆరు చింతచెట్లూ బాగానే ఉన్నాయి. ప్రమాదకరంగా లేవు. ఆ ఏడాది కూడా విరగకాశాయి.

సెలవు.